సాక్సులో వడ్లగింజ

పోయిన ఏడాది మా నాయనకు ఎడమకాలి బొటనవేలి కింద పుండు పడింది. షుగరు వల్ల మానడానికి నాలుగు నెలలు పట్టింది. అరికాళ్లలో స్పర్శ తగ్గిపోయింది, ముల్లు గుచ్చుకున్నా ఆయనకు తెలియదు. డాక్టరు మూడు మాటలు చెప్పాడు: చెప్పుల్లేకుండా నడవొద్దు, కాళ్లు తడవనీయొద్దు, ఎక్కడైనా ఎర్రబడితే నడక ఆపేయాలి. మా నాయన ఏటా వానలు తగ్గుముఖం పట్టాక అహోబిలం కొండల్లో జ్వాలా నరసింహస్వామి దగ్గరికి నడిచి వెళ్తాడు. ఆ దారిలో మాటిమాటికీ వాగు దాటాలి. ఈ ఏడు వద్దులే అనుకున్నాడు. అనుకున్నాక వారం రోజులు ఎదురుగా ఉన్న నరసింహస్వామి క్యాలెండరు వైపు చూడకుండా అన్నం తిన్నాడు. అది చూడలేక, నీళ్లు లోపలికి దిగని సాక్సులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. మోకాలి కిందిదాకా వస్తాయి, జత పద్దెనిమిది వందలు.

నాయనకు నంద్యాలలో విత్తనాల అంగడి ఉంది. ప్యాకెట్టు మీద ఏం రాసినా నమ్మడు. రెండు సాక్సుల్లోనూ గుప్పెడు వడ్లు పోసి, వాటి మూతులు దండేనికి కట్టి, అడుగుభాగం బకెట్ల నీళ్లలో మునిగేలా వేలాడదీశాడు.

"ఇంట్లో ఉండే రెండు బకెట్లూ సాక్సులకేనా? నేనేం దోసిలితో పోసుకోవాల్నా నీళ్లు?" అంది అమ్మ.

"మూడు దినాలు ఓర్చుకో. తడి తగిలింటే మొలక వస్తాది, లేకుంటే లేదు."

మూడో రోజు వడ్లు దులిపి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికాడు. కటుక్కుమంది. "గట్టిగానే ఉండాది. పోదాం పా" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆరుగంటలకు నాయనా నేనూ నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కాం. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సులో టికెట్ లేదు, నేను ఆధార్ చూపిస్తే సరిపోయింది. నాయనకు డెబ్బై రూపాయలు. గంటకు పైగా పట్టింది. ఆళ్లగడ్డలో ఉగ్గాని, బజ్జీ తిని ఎగువ అహోబిలానికి ఆటో మాట్లాడుకున్నాం, పోనూ రానూ తొమ్మిది వందలు. డ్రైవరు అద్దంలోంచి నాయన కాళ్ల వైపే చూశాడు. "ఏందప్పా, సాక్సుల మింద చెప్పులు? చలి పెడ్తాందా?" నాయన సాక్సులు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. బకెట్ల సంగతి మొదలుపెడితే కొండ వచ్చేదాకా ఆపడని నాకు తెలుసు కాబట్టి నేను కదిలించలేదు.

ఎగువ గుడి దగ్గర ఓబులేసు అనే గైడు ఐదువందలకు ఒప్పుకున్నాడు. తొమ్మిదికి బయలుదేరాం. చేతికర్ర ఒకటి తీసుకుని, దానికి నాయన సాక్సు ఎత్తు దగ్గర తాడు కట్టాను. సాక్సు మూతి దాటి నీళ్లు దిగితే లోపలే నిలిచిపోతాయి, అందుకని వాగు దాటే ప్రతిచోటా ముందు కర్ర దించి లోతు చూశాకే దాటాం. ఎక్కడా తాడు తడవలేదు.

"ఏందప్పా, సాక్సులు ఇప్పకుండానే దిగుతాండావ్?" అన్నాడు ఓబులేసు.

"మూడు దినాలు నానబెట్టి చూసినాలే. నువ్వు నడువు."

ప్రతి వాగులోనూ నాయన అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు. చిన్నపిల్లాడు కొత్త బూట్లతో నిలబడినట్టు. అది చూడటానికైనా ఆ పద్దెనిమిది వందలు పెట్టొచ్చనిపించింది.

మూడోసారి వాగు దాటాక బండ మీద కూర్చున్నాం. కాళ్లు ఒకసారి చూస్తానన్నాను.

"ఏం కాలేదులే పాపా. నాకేం తెలీడంల్యా."

"నీకు తెలీదు కదా నాయనా. అందుకే."

ఎడమ సాక్సు తీశాను. కాలు పొడిగా, వెచ్చగా ఉంది. బొటనవేలి కింద, పాత మచ్చను ఆనుకొని ఒక వడ్లగింజ చర్మంలోకి అదుముకుపోయి ఉంది. తీస్తే గింజ ఆకారంలోనే గుంట, చుట్టూ ఎరుపు. చర్మం చిట్లలేదు. గంటకు పైగా దాన్ని తొక్కుకుంటూ నడిచాడు.

"ఇంకెంత, అరగంట. మెల్లిగా పోదాం" అన్నాడు నాయన, పైకి చూస్తూ.

నేను కాన్వెంటులో చదివాను. గొంతు పెంచకుండా మాట్లాడటం అక్కడే అలవాటైంది. ఆయనకు ఎదురు చెప్పడం ఎక్కడా అలవాటు కాలేదు. "వద్దు నాయనా. ఇంక నడవొద్దు" అన్నాను. వాగు చప్పుడులో వినపడలేదేమో అని మళ్లీ చెప్పాను, గట్టిగా.

నాయన నా వైపు చూశాడు, తర్వాత తన కాలి వైపు. సంచిలోంచి టెంకాయ తీసి ఓబులేసు చేతిలో పెట్టాడు. "నా పేరు చెప్పి కొట్టు."

"చెప్తాలే అప్పా. సామికి నీ పేరు తెలీదా యేంది" అని ఓబులేసు గబగబా ఎక్కిపోయాడు.

అతను తిరిగొచ్చేదాకా నాయన కాలు నా ఒళ్లోనే ఉంది. బడిలో సోమవారం పొద్దున సిస్టర్ మా గోళ్లూ సాక్సులూ ఒక్కొక్కటే పట్టి చూసేది. అలాగే ప్రతి వేలి సందూ చూశాను. ఆయన కాళ్లను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గింజ ఆయన అరచేతిలో ఉంది. అటూ ఇటూ తిప్పి చూసి, అలవాటుగా నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

"నాయనా!"

ఆగి, నవ్వి, బొటనవేలి గోరుతో నొక్కాడు. "గోరు దిగడంల్యా. ఇన్ని నీళ్లలో నడిచినా నానలేదు చూడు. సాక్సు మంచిదే పాపా!"

గుడి అందని దిగులు ఆ ముఖంలో ఎక్కడుందో వెతికాను. ఉంది, కానీ దాని పక్కనే ఈ సంతోషం కూడా ఉంది. ఓబులేసు తెచ్చిన టెంకాయ చిప్పలోంచి నాయన నాకొక ముక్క కొట్టిచ్చాడు. సాక్సు తిరగేసి దులిపి, బొటనవేలి కింద దూది పెట్టి తొడిగాను. దిగక తప్పదు కాబట్టి, నాయన కర్ర ఓబులేసుకిచ్చి ముందు నడవమని, తను నా భుజం పట్టుకున్నాడు. ఐదింటికి నంద్యాల చేరాం, మర్నాటికి ఎరుపు తగ్గింది. సాక్సు నీళ్లు ఆపుతుందా లేదా అని మూడు రోజులు చూశాం. లోపల ఏం మిగిలిందో ఇద్దరమూ చూడలేదు. నమ్మకం కుదరగానే చూడటం మానేస్తామేమో. గింజ ఇప్పుడు అంగట్లో, కాటా పక్కన అగ్గిపెట్టెలో ఉంది. వచ్చిన రైతులందరికీ చూపిస్తాడు.

మీరూ ఇలాంటి సాక్సులు కొంటే, తొడిగే ముందు ప్రతిసారీ పూర్తిగా తిరగేసి వేళ్ల కొస దాకా తడమండి. స్పర్శ తగ్గిన కాళ్లయితే ఆ పని వాళ్లకు వదలొద్దు, మీరే చేయండి.