ధర్ అంటే ధర కాదు

అక్కకు ఏడో నెల పడగానే, తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురమ్మని నన్ను ఆమె అత్తగారి ఊరు బోథ్ పంపించారు. కరీంనగర్‌లో కారు తాళం చేతిలో పెడుతూ బాపు "అక్క పైలం" అన్నాడు. కాసేపాగి "కారు గూడ" అన్నాడు. నా గురించి ఎవరూ ఏమీ అనలేదు.

పోయేటప్పుడు కారు ఏ పేచీ పెట్టలేదు. మర్నాడు పొద్దున అక్కను ఎక్కించుకుని బోథ్ దాటాక, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు తొక్కితే ఉడికిన ఆలుగడ్డ మీద కాలేసినట్టయింది. పెడల్ మెత్తగా, తీరుబడిగా లోపలికి దిగిపోయింది. కంగారుగా మళ్లీ తొక్కితే గట్టిపడింది. ఒకసారి చెప్తే వినదు, రెండోసారి చెప్తే వింటుంది. ఇంట్లో నా పద్ధతీ అదే కాబట్టి దాన్ని తిట్టడానికి మనసొప్పలేదు.

కానీ ముందు ఇచ్చోడ, అది దాటి కొంత దూరం పోతే నిర్మల్ ఘాట్. ఆ మలుపుల్లో లారీ ఎదురొస్తే రెండోసారి చెప్పే వ్యవధి ఉంటుందా? పెడల్‌ను ఊరికే రెండేసిసార్లు తొక్కి చూసుకుంటూ పోయాను.

"ఏందిరా, కుట్టు మిషన్ తొక్కినట్టు తొక్కుతున్నవ్?" వెనక సీట్లోంచి అక్క అడిగింది. నడుము వెనక దిండు, పొట్ట మీద చెయ్యి.

"ఏం లేదక్కా. బ్రేకు జర మెత్తగైంది."

"మెత్తగంటే?"

"మెత్తగంటే మెత్తగనే."

"అయితే కారు ఆపు!"

ఆపడమే కదా సమస్య అనబోయి మింగేశాను.

రెండో గేరులో, ఎడ్లబండ్లకు కూడా దారి ఇస్తూ ఇచ్చోడ చేరాం. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మెకానిక్ సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడే మనిషి. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో అడుగున మాత్రమే మిగిలింది.

"ఆయిల్ ఎటో కారుతున్నది" అంటూ చుట్టూ తిరిగి, వెనక ఎడమ చక్రం దగ్గర వంగాడు. టైరు లోపలి వైపు తడిగా ఉంది.

ఆ తడి పొద్దున బావ వాళ్లింటి ముందు నేనూ చూశాను. "కుక్క పోసిందనుకున్న" అన్నాను.

ఆయన వేలితో తాకి, వాసన చూసి, "కుక్క కాదు" అన్నాడు. ఏ విషయమూ ఊరికే కొట్టిపారేయని మనిషి.

చక్రం విప్పితే, బ్రేకును లోపలి నుంచి నెట్టే చిన్న సిలిండర్ రబ్బరు అరిగి కారుతోంది. కొత్తది బిగించాడు. అయినా పెడల్ మెత్తగానే ఉంది. పైపులోకి గాలి చేరిందని, అది బయటికి పోతే గానీ పెడల్ గట్టిపడదని చెప్పాడు. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మర తిప్పి గాలి వదలాలి. ఆయనకు సాయం చేసే మనిషి పెళ్లికి పోయాడట. నేను సీట్లో కూర్చున్నాను, ఆయన చక్రం వెనక మాయమయ్యాడు.

"దాబ్!" అని వినిపించింది. తొక్కమనే అయి ఉంటుందని తొక్కాను. "దాబ్! దాబ్!" ఇంకా తొక్కాను.

"ధర్!"

పని సగంలో ఉండగా ధర గురించి అడిగే మనిషిని అదే చూడటం. అయినా అక్క ప్రయాణం.

"ఎంతైనా పర్లేదన్నా, నువ్వు మంచిగ చెయ్యి" అంటూ, పర్సు ఉందో లేదో తడుముకోవడానికి సీట్లోంచి కొంచెం లేచాను. కాలూ నాతోపాటే లేచింది. చక్రం దగ్గర గుటకేసినట్టు చప్పుడు.

"ధర్ అన్న గద! ఎందుకు ఇడిసినవ్? గాలి మల్ల లోపలికి పాయె!"

"ధర చెప్పాల్సింది నువ్వు గదన్నా!"

షెడ్డు నీడలో కుర్చీ వేసుకున్న అక్క తల పట్టుకుంది. కాపురానికొచ్చి రెండేళ్లు కాకముందే ఆమెకు ఇక్కడి మాట వచ్చేసింది. "నీ మొకం! ధర్ అంటే పట్టు. సోడ్ అంటే ఇడువు."

"మరి సోడా అంటే?"

"సోడా అంటే సోడనే. ముందుగాల బ్రేకు పట్టు."

పట్టడానికి ఆయిల్ మిగల్లేదు. ఇంకో సీసా కోసం నేను దుకాణానికి పోతే, దుకాణం మనిషి అన్నానికి పోయాడు. ఎండ వాలుతోంది. ఇంతలో ఇంటి నుంచి అవ్వ ఫోను; మేం అమ్మను అవ్వ అనే అంటాం.

"ఎందాక వచ్చిండ్రు బిడ్డా?"

"ఇచ్చోడల చాయ్ తాగుతున్నం అవ్వా."

"గంతసేపు ఏం చాయ్?"

"పెద్ద గిలాసల పోసిండు."

ఫోను పెట్టేసరికి అక్క పెదవి బిగించి పొట్ట పట్టుకుని ఉంది.

"నొస్తున్నదా?"

"లే. తన్నుతున్నది లోపలిది."

"బ్రేకు తొక్కుడు నేర్చుకుంటున్నదేమో."

అక్క నవ్వలేదు. "తమ్మీ, నిజం చెప్పు. దీంతోని ఘాట్ దిగొచ్చా? కాదంటే మీ బావకు ఫోన్ చేస్త."

ఈసారి జోకు పక్కన పెట్టాను. అలా చేయడం నాకు అలవాటు లేదు. "గట్టిపడ్డదాక కదలం అక్కా" అన్నాను.

ఆయిల్ వచ్చింది. ఈసారి అక్క కుర్చీని కారు తలుపు పక్కకు జరుపుకుంది.

"ధర్!" అన్నాడు మెకానిక్.

"పట్టు" అంది అక్క.

"పట్టిన."

"సోడ్!"

"ఇడువు."

పైపులోంచి బుడగలు వచ్చాయి, తగ్గాయి, ఆగిపోయాయి. పెడల్ నా కాలి కింద గోడలా నిలబడింది. ఎంతసేపు నొక్కి పట్టినా దిగలేదు. అక్కను కుర్చీలోనే ఉంచి, ఖాళీగా ఉన్న పక్కదారిలో కారు తోలి గట్టిగా బ్రేకు కొట్టాను. వెనక సీటు మీది దిండు ఎగిరి ముందుకొచ్చి పడింది. దిండు క్షేమం.

అయినా ఘాట్ మొదలవగానే ఇంకోసారి పెడల్ తొక్కి చూసుకున్నాను. గేరు తగ్గించి, ముందు లారీకి చాలా దూరంలో నడిపాను. ప్రతి మలుపు దగ్గరా వెనకనుంచి "ధర్" అనేది అక్క. "పట్టిన" అనేవాణ్ని. గోడ మీది కోతులు మా ఇద్దరినీ జాలిగా చూశాయి.

చివరి మలుపు దాటి రోడ్డు తిన్నగా సాగాక, వెనకనుంచి "సోడా" అని వినిపించింది.

హమ్మయ్య, ఇక ఇడవమన్నది అనుకుని బ్రేకు మీంచి కాలు తీశాను. కారు హాయిగా పరుగందుకుంది. పక్కన ఒక కొట్టు వెనక్కి పోయింది.

"అరే, ఆపురా! సోడా అంటున్న, నోరెండిపోయింది!"

తొక్కాను. మొదటిసారికే విన్నది.