నా గొంతుకు కొన్న మిక్సర్

షాపులో మైకు కీచుమని కూత పెట్టగానే అందరూ చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం మస్తాన్ బాబాయ్ పక్కనే నిలబడినట్టనిపించింది. మా నాటక సమాజానికి మైకుల గొంతు సరిచేసే కొత్త సౌండు మిక్సర్ కొనడానికి నరసరావుపేట వచ్చాం. బాబాయ్ ఉంటే ఈ పని ఆయనదే.

సొంత బాబాయి కాదు. మా వీధిలో సౌండు సెట్లు అద్దెకిచ్చేవాడు. మా పద్య నాటకాలన్నిటికీ మైకు ఆయనదే. ఒక ఏడాది ఆపరేషనయ్యాక నా గొంతు పీలగా అయిపోయింది. నేను వేసే రాణి వేషం ఇంకొకరికి ఇద్దామని సమాజంలో గుసగుసలు మొదలయ్యాయి. ఆ వేషం పోతే నేనింకెవరినని వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆ వారమే బాబాయ్ పాత మిక్సర్ మార్చడానికి బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు. మిక్సర్ల సంగతి నాకేం తెలుసన్నా వినలేదు.

మా వైపు సౌండంటే మోతే. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊరూరి నుంచీ లైట్లతో, పాటలతో ఎత్తైన ప్రభలు కట్టుకొస్తారు; పక్క ప్రభ పాట వినపడకుండా చేసినవాడే మొనగాడు. ఆ రోజు షాపతను కూడా బారుగా లైట్లు వెలిగే పెద్ద మిక్సర్ మీద సినిమా పాట పెట్టి అద్దాలు అదరగొట్టాడు. బాబాయ్ పాట ఆపించి, నా చేతికి మైకిచ్చి, తాను రోడ్డు దాటి ఆటోల మధ్య నిలబడ్డాడు. నాకు ఒక్క డైలాగూ గుర్తు రాలేదు.

"బాబాయ్, ఇనపడతందా?" అన్నాను.

నా గొంతు ఆయనకు అందేదాకా పెంచేసరికి దాంతోపాటు బుస్సుమనే చప్పుడూ పెరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మూలనున్న చిన్న మిక్సర్‌కు మార్చారు. మళ్ళీ అదే అడిగాను. ఈసారి నా గొంతొక్కటే తేటగా రోడ్డు దాటింది.

ఇది తిరునాళ్ళకు చాలదని షాపతను చెప్పబోయాడు.

"మోత కావాల్సినోళ్ళు వేరే సెట్టు పెట్టుకుంటార్లే. మా అమ్మాయి అరవకుండా మాట్లాడాల, అంతే," అన్నాడు బాబాయ్.

ఆ శివరాత్రి తిరునాళ్ళలో ప్రభకు సౌండు పెట్టే బేరం ఆయన చేజారింది. గురజాలలో వేసిన నాటకంలో మాత్రం నేను గొంతు చించుకోలేదు. చివరి వరసవాళ్ళు కూడా కదలకుండా విన్నారు. వేషం నాకే మిగిలింది. ఆయన మీద నాకున్న ప్రేమను ఆయన ముందు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను.

ఆయన పోయాక కూడా ఆ మిక్సరే మా నాటకాలను నెట్టుకొచ్చింది. ఇక బాగుపడదని మెకానిక్ అన్నాకే ఇలా వచ్చాం. ఇక్కడా షాపతను పెట్టిన పాట ఆపమని చెప్పి మైకు తీసుకున్నాను. మా హార్మోనియం సుబ్బయ్యను రోడ్డవతల నిలబడమన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా నోటికి ఆ ఒక్క మాటే వచ్చింది.

"బాబాయ్, ఇనపడతందా?"

సుబ్బయ్య నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు. అయినా ఆటోల మధ్య నుంచి చెయ్యెత్తి, బాబాయ్ బదులు తనే వినపడిందన్నట్టు తల ఊపాడు.