సెలవు రోజున తెగిన వేళ్లు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ వదిన అనేవారు. మరిది కూడా అక్కడే పనిచేసేవాడు. అతని పిలుపే అందరికీ అలవాటైపోయింది. పద్నాలుగేళ్లుగా అట్టలు కోసే మిషన్ దగ్గరే ఆమె పని. నోరు ఎంత చురుకో చెయ్యి అంతకంటే చురుకు.

ఒక మధ్యాహ్నం ఆ మిషన్ కత్తి కింద ఆమె కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. కత్తి చేతులకు తగలకుండా అడ్డుండే రేకును, పని త్వరగా తెమలాలని, నెల ముందే విప్పించింది మేనేజరే. ఆసుపత్రికి తన కారులోనే తీసుకెళ్లాడు. పళ్లు కూడా తెచ్చాడు. ఆ ప్రేమంతా ఎందుకో ఆమె నష్టపరిహారానికి కార్మికశాఖలో అర్జీ పెట్టాక బయటపడింది. హాజరు పుస్తకంలో ఆ రోజు ఆమెకు సెలవు! ఇంట్లో ఏ తలుపు సందులోనో వేళ్లు నలిగాయట. పుణ్యాత్ముడు, అబద్ధమైనా అతికినట్టు చెప్పలేదు.

సాక్ష్యం చెప్పమంటే తోటివాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లను అని ఏం లాభం, అందరికీ ఇంట్లో పిల్లలున్నారు. మరిది అయితే అర్జీ వెనక్కి తీసుకోమని బతిమాలాడు, తన ఉద్యోగం ఊడుతుందని అతని భయం. పైగా ఇప్పుడు అదే మిషన్ దగ్గర అతన్ని నిలబెట్టారు, రేకు లేకుండానే. ఆ మాట విన్నాక ఆమెకు ముద్ద దిగలేదు. తన వేళ్లు ఎలాగూ రావు. మిషన్ దగ్గరే పోయాయని ఫ్యాక్టరీ ఒప్పుకుంటే తప్ప రేకు మళ్లీ బిగించరు.

మేనేజరు పుస్తకం దిద్దాడు గానీ ఒకటి మరిచిపోయాడు. అక్కడ ప్రతి పెట్టె అడుగునా కోసినవాళ్ల నంబరు, తేదీ ముద్ర వేస్తారు. పెట్టె పాడైతే ఎవరిని తిట్టాలో తెలియడానికి అతనే పెట్టిన పద్ధతి అది. ఆ రోజు పొద్దున ఆమె కోసిన పెట్టెలు చెప్పుల దుకాణాలకు వెళ్లాయి. కట్టు కట్టిన చేత్తో ఆమె ప్రతి దుకాణం గడపా తొక్కింది. చెప్పులొద్దు, ఖాళీ పెట్టెలు చూపించమంటే కొందరు నవ్వారు, ఒకాయన కసిరాడు. రెండు వారాలు కాళ్లరిగేలా తిరిగితే ఆమె నంబరు, ఆ రోజు తేదీ ఉన్న పెట్టె ఒక్కటి దొరికింది.

కార్మికశాఖ అధికారి బల్ల మీద ఆ పెట్టెను బోర్లించేసరికి మేనేజరు ముఖంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. వెంటనే గొంతు మార్చాడు. ఎంతైనా ఆమె తమ మనిషేననీ, అడిగినంతా ఇస్తామనీ, కాకపోతే కాగితం మీద సాయం అని రాసుకుందామనీ అన్నాడు.

"సాయం వద్దు సార్," అంది ఆమె అధికారితో. "మిషన్ దగ్గర పని చేస్తుంటే తెగాయని రాయండి. రేకు తీసేశారని కూడా రాయండి."

"అలా రాస్తే మిషన్ ఆపేస్తారమ్మా," అన్నాడు మేనేజరు.

"ఆపాలనే రాయమంటున్నాను. దాని దగ్గర ఇప్పుడు మా మరిది ఉన్నాడు."

అధికారి ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు. మర్నాడు మధ్యాహ్నమే, రేకు బిగించేదాకా పని లేదన్నారని సణుక్కుంటూ మరిది ఇంటికొచ్చాడు, పది వేళ్లతో.