పళ్ళ డాక్టరు మెట్ల వైపు బాణం

ఊళ్ళో సగం షాపుల పేర్లు ఆయన చేతిరాతే. అందుకే ఆయన్ని అందరూ బ్రష్షన్న అనే పిలుస్తారు. ప్రతి అక్షరం కింద సన్నటి ఎర్ర నీడ వేయడం ఆయన అలవాటు. ఆ నీడ చూసి, ఇది బ్రష్షన్న పని అని ఎవరైనా చెప్పేయగలరు. చెయ్యి మంచిదే, గొంతుకే దాహం ఎక్కువ. ముప్పై ఏళ్ళలో ఆయన తాగకుండా రాసిన బోర్డులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అయినా ఒక్క అక్షరమూ వంకర పోలేదు. ఆయన గొప్పా అదే, ఆయన కొంప ముంచిందీ అదే. చెయ్యి వణికి ఉంటే ఎప్పుడో మానేసేవాడు.

మానడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ పన్నెండో రోజుకి బోర్లా పడ్డాడు. ఈసారి పదకొండో రోజున భార్య ఆయన జేబులో ఒక కాగితం పెట్టింది. ఆమె ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది, అక్కడి గోడ మీద చూసి రాసుకొచ్చిన అడ్రసు అది. తాగుడు మానాలనుకునేవాళ్ళు ప్రతి శనివారం కలుస్తారట. పోస్టాఫీసు వెనక వీధి, సాయంత్రం ఆరింటికి, బోర్డు కూడా ఉంటుందట.

"మీ ఒక్కరి వల్ల కాదండీ, చూశాంగా. ఈసారి నలుగురితో కలిసి మానండి," అంది.

ఆ మాట గుచ్చుకుంది, నిజం కాబట్టి. ఇవాళే శనివారం, రేపు పన్నెండో రోజు. ఇవాళ అక్కడికి చేరకపోతే రేపు తన సంగతేమిటో ఆయనకి భార్య కంటే బాగా తెలుసు.

ఆరు కావడానికి పది నిమిషాలుండగా ఆ వీధిలోకి వచ్చాడు. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని తల వంచుకునే నడిచాడు. బోర్డు కనిపించింది. "తాగుడు మానేద్దాం రండి" అని ఉంది, దాని కింద బాణం ఎడమ వైపుకి ఉంది. అక్షరాలు పరికించే తీరిక ఎక్కడిది? బాణం చూపించిన మెట్లు గబగబా ఎక్కేశాడు.

పైన గదిలో నలుగురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. తాగుడు మానడం ఇంత నొప్పిగా ఉంటుందా అని బ్రష్షన్న బెదిరిపోయాడు. బల్ల దగ్గరున్న నర్సమ్మ తల ఎత్తకుండానే, పళ్ళా, తాగుడా అని అడిగింది. ఆయన దవడలు పట్టుకున్న నలుగురి వైపూ ఒకసారి చూశాడు. చివరికి అందరి ముందూ, తాగుడేనమ్మా అన్నాడు. ఆ మాట పైకి అనడం ఆయన జీవితంలో అదే మొదలు.

"అయితే ఇటు కాదు బాబాయ్, ఎదురు మెట్లు. ఆ బాణం ఏ తాగుబోతు వేశాడో గానీ, వారానికి ఇద్దరైనా ఇలాగే వస్తారు," అందామె. దారి చెబితే కొందరు అటు వెళ్తారనీ, కొందరు సిగ్గుపడి అటునుంచి అటే ఇంటికి పోతారనీ కూడా చెప్పింది.

కిందికి దిగి ఈసారి బోర్డును తీరిగ్గా చూశాడు. అక్షరాల కింద సన్నటి ఎర్ర నీడ ఉంది.

బ్రష్షన్న నాలుక కరుచుకున్నాడు. నాలుగేళ్ళ కిందట బోర్డులు రాసే తన షెడ్డులో పూటుగా తాగి ఈ బోర్డు రాస్తూ, తాగుబోతులకి కూడా బోర్డొకటా అని పడీ పడీ నవ్వాడు. రాత బాగానే వచ్చింది, బాణమే అడ్డం తిరిగింది. ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు. దారి తప్పి, సిగ్గుతో ఇంటికి పోయినవాళ్ళు ఎంతమందో, వాళ్ళ ఇళ్ళల్లో ఆ తర్వాత ఏం జరిగిందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళాలి? ఇంటి వైపు నాలుగడుగులు వేశాడు కూడా. అంతలో, తను వేసిన బాణం తననే ఇంటికి పంపిస్తే అది మరీ సిగ్గుచేటనిపించి వెనక్కి తిరిగాడు.

ఎదురు మెట్ల పైన చిన్న గది. గుండ్రంగా వేసిన కుర్చీలు, మధ్యలో టీ ఫ్లాస్కు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన కూర్చోమన్నాడు. బ్రష్షన్న కూర్చోలేదు.

"కింద ఆ బాణం వేసింది నేనేనండీ. తాగి వేశాను," అన్నాడు.

 గదంతా పగలబడి నవ్వింది. మాస్టారైతే కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. బాణం సరిచేయమని అడగడానికి వాళ్ళు మూడుసార్లు షెడ్డుకు వెళ్ళారట. మూడుసార్లూ బ్రష్షన్న లేవలేదట. తామూ ఒకప్పుడు అలా పడున్నవాళ్ళే కాబట్టి, తిట్టకుండా దుప్పటి కప్పి వచ్చేశారట. అప్పటినుంచీ ఆరుంపావుకి ఎవరో ఒకరు పళ్ళ డాక్టరు మెట్ల దగ్గరికి వెళ్ళి, దారి తప్పినవాళ్ళుంటే తీసుకొస్తున్నారు. బ్రష్షన్న అక్కడికక్కడే నిచ్చెన కావాలన్నాడు.

"రేపు పొద్దున్నే రంగు డబ్బాతో రా, నిచ్చెన నేను పట్టుకుంటాను. ఇప్పుడు టైమైంది, నువ్వెళ్ళి మెట్ల దగ్గర చూసి రా," అన్నాడు మాస్టారు.

పన్నెండో రోజుకి తనకో పని దొరికిందని బ్రష్షన్నకి ప్రాణం లేచొచ్చింది. రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళాడు. పళ్ళ డాక్టరు మెట్ల మీద నుంచి బస్సు డ్రైవరు బట్టల్లో ఒకతను దిగి, తల వంచుకుని వీధి చివరికి నడుస్తున్నాడు. బ్రష్షన్న పరుగున వెళ్ళి అతని పక్కకి చేరాడు.

"అటు కాదు తమ్ముడూ, ఇటు. నేనూ దానికోసమే వచ్చా. పద, కలిసి వెళ్దాం."

డ్రైవరు ఆగాడు. వీధి చివరికి ఒకసారి చూశాడు, ఈయన్ని ఒకసారి చూశాడు. మీరు ఇక్కడికి రావడం మొదలుపెట్టి ఎన్నాళ్ళయిందని అడిగాడు.

"పావుగంట," అన్నాడు బ్రష్షన్న.

డ్రైవరుకి నవ్వాగలేదు. నవ్వుతూనే ఆయన వెనక మెట్లెక్కాడు.