ఓడకి ప్లాట్‌ఫారం టికెట్ ఉండదు

మేము అద్దెకి తెచ్చుకున్న నవలల్లో ప్రేమ పుడితే రైల్లో పుట్టేది, లేదంటే రైల్వే స్టేషన్‌లో. మా దీవుల్లో రైలు లేదు. పదిహేనేళ్ళు వచ్చేదాకా నేను రైలు చూడలేదు. నాకంటే ఆరేళ్ళు పెద్దదైన మా అప్ప కూడా అప్పటిదాకా చూడలేదు. మా ఇళ్ళలో అక్కని అప్ప అంటాం.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్. మా తాత శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేము ఇక్కడే పుట్టాం. ఇంట్లో తెలుగు, బయట హిందీ అని మొదలై, మా కాలానికి రెండూ ఒకే నోట్లో కలిసిపోయాయి. తెలుగు నవలలు మిడిల్ పాయింట్ అనే పేటలో ఒక దర్జీ దగ్గర అద్దెకి దొరికేవి. వైజాగ్ నుంచి ఓడ వచ్చినప్పుడల్లా ఆయనకి ఒక కట్ట వచ్చేది. అన్నీ నవ్వించే ప్రేమకథలే. ఏడిపించేవి ఆయన తెప్పించేవాడు కాదు.

"ఏడవడానికి పుస్తకం దేనికమ్మా? ఓడ లేటైతే చాలదా?" అనేవాడు.

అప్ప పైకి చదివేది, నేను వినేదాన్ని. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. నాకు లెక్కలు తప్ప వేరేవి పట్టలేదు. ఆ లెక్కలు కూడా బడిలో వచ్చినవి కావు. సముద్రం పోటు రోజుకి ఎంత ఆలస్యంగా జరుగుతుందో, ఎంత ఐసులో ఎంత చేప ఎన్ని గంటలు నిలుస్తుందో మా అయ్య పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఈ వయసులో కూడా మా జెట్టీలో బోటువాళ్ళు నన్ను అడిగాకే ఐసు ఎక్కిస్తారు. అందుకని నవల వింటున్నా నా బుర్ర తన పని తాను చేసుకునేది. ముప్పై పుస్తకాలు అయ్యేసరికి నాకు ఒక సంగతి తేలింది. అబ్బాయీ అమ్మాయీ మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు ఆ అమ్మాయి అతన్ని ఒక మాట అనాలి. ఎంత గట్టి మాట పడితే అంత గట్టి పెళ్ళి. తలొంచుకుని కాఫీ పళ్ళెం పట్టుకొచ్చే పిల్ల ఒకతి ప్రతి పుస్తకంలోనూ ఉండేది. ఆమెకి అతను ఎప్పుడూ దక్కేవాడు కాదు. సగం పుస్తకం అయ్యేసరికి ఆమెని ఎవరో బావతో బొంబాయి పంపించేసేవారు.

ఈ మాట అప్పకి చెబితే నవ్వింది. "పాపం, కాఫీ పిల్ల" అంది.

అప్పటికి ఇంకా ఏ సంబంధమూ రాలేదు. ఆ ఏడు మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, వైజాగ్ నుంచి ఓడలో వచ్చి ఒక సంబంధం చెప్పాడు. శ్రీకాకుళం వైపు ఒక పల్లె. అబ్బాయి ఫోటో కూడా తెచ్చాడు. అబ్బాయి పడవకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరో ఏదో అన్నట్టున్నారు, అటు తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. అప్ప ఆ ఫోటో తీసుకుని చదువుతున్న నవలలో గుర్తుగా పెట్టుకుంది. తరవాత ఎన్ని నవలలు మారినా ఆ గుర్తు మారలేదు.

"సంబందం మంచిదే బావా. ఒకటే సిక్కు. నీ కూతుల్లు ఇందీ కలిపేసి మాటాడతన్నారు. అక్కడ ఇంటే నవ్విపోతారు" అన్నాడు మావయ్య.

"నవ్వడమేటి? నానూ అలాగే మాటాడతన్నాను" అన్నాడు అయ్య.

"నువ్వు మొగోడివి. నిన్నెవుడడుగుతాడు?"

సరిగ్గా అప్పుడే అప్ప లోపలినుంచి వచ్చి, "మావా, చాయ్ పీలో జల్దీ, ఠండా అయిపోతంది" అంది.

"అదిగో!" అన్నాడు మావయ్య, గ్లాసు అందుకోకుండా.

మెయిన్‌లాండ్ వెళ్ళిరావడం మాకు ఒక్కసారి అయ్యే పని. ఓడ నెలకోసారో, ఇంకా ఆలస్యంగానో వచ్చేది. వెళ్ళి వచ్చేదాకా అయ్య బోటు ఒడ్డునే ఉండాలి. ఇది కుదరకపోతే మళ్ళీ తీసుకెళ్ళలేనని ఆయన ముందే చెప్పేశాడు. కాబట్టి అప్పకి ఉన్నది ఆ ఒక్క ప్రయాణం, ఆ ఒక్క మధ్యాహ్నం. మంచి తెలుగు నేర్చుకోవాలి. ఎక్కడినుంచి అన్నది ఎవరూ ఆలోచించలేదు. నవలల్లో ఉన్నది మంచి తెలుగే కదా, అచ్చు కూడా వేశారు.

గుమ్మం పక్కన ఒక కొబ్బరిచిప్ప పెట్టాను. ఇంట్లో ఎవరి నోట హిందీ మాట వస్తే వాళ్ళు అందులో ఒక గవ్వ వెయ్యాలి. మొదటిరోజు అన్నాలు అవకముందే చిప్ప నిండిపోయింది. వారం తిరిగేసరికి అయ్య మాట్లాడటం మానేసి సైగలు చేయసాగాడు.

"ఈ సిప్పేటే బాబూ! నోరిప్పాలంటే బయమేస్తంది" అన్నాడొకసారి, ఉండబట్టలేక.

అప్ప మాత్రం బాగా పట్టేసింది. హిందీ పోయింది. దాంతోపాటు ఇంటి తెలుగు కూడా పోయింది. అది పోవడం మేమెవరం గమనించలేదు, ఎందుకంటే గవ్వలు పడేది హిందీకే. ఒకనాడు అయ్య వేట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, "త్వరగా రండి నాన్నగారూ, అన్నం చల్లారిపోతోంది" అంది. ఇంటికి ఎవరొచ్చారా అని అయ్య వెనక్కి తిరిగి చూశాడు.

ఓడెక్కే ముందు అప్ప నన్ను అడిగింది, "నీ లెక్క తప్పదు కదా? ఒక్క పుస్తకంలో కూడా?"

"ముప్పైలోనూ తప్పలేదు."

"అయితే నేను కాఫీ పిల్లని కాను" అంది.

ఓడలో బంక్ క్లాసు. అమ్మ పడుకున్న చోటునుంచి లేవలేకపోయింది. మా చుట్టూ ఉన్నవాళ్ళంతా అదే స్థితిలో ఉన్నారు. అప్ప ఒకసారి పైకి వెళ్ళి వచ్చి, "ఈ నౌకలో ఎవరూ ప్రేమలో పడే అవకాశం లేదు. అందరి చేతుల్లోనూ బకెట్లున్నాయి" అంది. వైజాగ్‌లో దిగి రైలెక్కాం. కూర్చోడానికి చోటు లేదు. ఎవరిదో చేపల గంప నా కాలి మీద ఉంది. అప్ప తలుపు దగ్గర నిలబడి, నెత్తిన దీపం పెట్టినట్టు వెలిగిపోతూ ప్రతి స్టేషన్‌నీ చూసింది. ప్రతి చోటా ఎవరో ఒకరు ఎవరికోసమో పరిగెత్తుతూనే ఉన్నారు.

"చూశావా? అబద్ధాలు రాయలేదు" అంది నాతో.

ఆ పల్లెలో మమ్మల్ని అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. అబ్బాయి, అతని తల్లి, నాయనమ్మ, ఇద్దరు ముగ్గురు చుట్టాలు. అబ్బాయి ఫోటోలోలాగే ఉన్నాడు. నాయనమ్మ అప్ప చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఓలమ్మ, ఎంత దూరం నుంచి ఒచ్చినావే! సేపలు కొయ్యడం ఒచ్చునేటి?" అంది.

 అది అచ్చం మా నాయనమ్మ గొంతే. ఆ యాస మా అయ్యది, మా వీధిలో వాళ్ళందరిదీ. ఆ అరుగు మీద మేము నేర్చుకుని రావలసిన మాట ఒక్కటి కూడా వినబడలేదు. అప్పకి సైగ చేద్దామని చూశాను. అప్ప అప్పటికే వీపు నిటారుగా పెట్టుకుంది.

"వచ్చునండీ. చేపలంటే నాకు ఎంతో గౌరవం. వాటిని కోస్తున్నంతసేపూ అవి ప్రశ్నలు వెయ్యవు" అంది.

నాయనమ్మ అప్ప చెయ్యి వదిలేసింది. అబ్బాయి మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని అడిగాడు.

"ఓడలో బయమెయ్యనేదా?"

"వేసింది మహాశయా, ఓడకి. నేనెక్కానని."

అతను పగలబడి నవ్వాడు. తాగుతున్న నీళ్ళు ముక్కులోంచి వచ్చి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. అప్ప నా వైపు చూసింది. లెక్క సరిపోయిందన్న చూపు అది. నిజానికి అక్కడిదాకా సరిపోయింది కూడా.

"ఈ గుంట మనల్ని ఎక్కిరిస్తందేటే?" అని నాయనమ్మ కోడల్ని అడిగింది, మెల్లగా అనుకుని గట్టిగానే.

"టీచరమ్మలాగున్నాది. మన కొంపలో ఏం నిలుస్తాది?" అంది కోడలు.

అయ్య సర్దబోయాడు. "అలగేం నేదు. మా గుంట ఎప్పుడూ అలగ మాటాడదు. అది పుస్తకాల్లో మాట" అన్నాడు. దాంతో ఇంకా చెడింది. వాళ్ళింట్లో పుస్తకం ఉన్నట్టు నాకు కనబడలేదు.

తిరిగి బస్సు దాకా అబ్బాయి మా సంచి మోశాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "మీ ఓడెప్పుడు?" అన్నాడు.

"గురువారం. మధ్యాహ్నం" అంది అప్ప.

"సూద్దాం" అన్నాడు.

మర్నాడు సాయంత్రానికే వైజాగ్‌లో మావయ్యకి కబురొచ్చింది. పిల్ల మాటకారి, మాకు సరిపడదు అన్నారు. అమ్మ మంచమెక్కింది. అప్ప మాత్రం జడ వేసుకుంటూ నింపాదిగా ఉంది. పెద్దవాళ్ళు వద్దనడం ప్రతి నవలలోనూ ఉంటుంది, అది ఉంటేనే చివర్లో అతను స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చే ఘట్టం వస్తుంది. "నువ్వు ఒకటి చూసిపెట్టు. గురువారం పొద్దున్న అతను మొదటి బస్సు ఎక్కితే ఓడని అందుకోగలడా?" అని నన్ను అడిగింది.

చూశాను. పల్లె నుంచి బస్సు, అక్కడినుంచి రైలు, రైలు దిగి హార్బరుకి సిటీ బస్సు. రైలు కొంచెం ఆలస్యమైనా చాలేంత వ్యవధి ఉంది. రెండోసారి కూడా చూసి, "అందుతాడు" అన్నాను. సరిపోని లెక్కయితే ఆమెకి బాగుండేదేమో. అది సరిపోయింది.

గురువారం అప్ప ఓడ రెయిలింగు వదల్లేదు. పైనుంచి చూస్తే గోదాముల కప్పులు, క్రేన్లు, మూటలు మోసేవాళ్ళు కనబడతారు. హార్బరు గేటు కనబడదు. నిచ్చెన తీసేశారు. తాళ్ళు విప్పారు. ఓడకీ ఒడ్డుకీ మధ్య నీళ్ళు బెత్తెడయ్యాయి, గజమయ్యాయి. ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

అప్ప అంది, "గేటు దగ్గర ఆపేసి ఉంటారు. స్టేషన్‌కైతే ప్లాట్‌ఫారం టికెట్ ఉంటుంది. ఓడకి అలాంటిది ఉండదు కదా."

ఉండదు. అది నిజమే. 

ఆ ఒక్క మాట మీద అప్ప రెండేళ్ళు నిలబడింది. చుట్టుపక్కల నుంచి వచ్చిన రెండు సంబంధాలు వద్దంది. వైజాగ్ ఓడ వచ్చిన ప్రతిసారీ నవలల్లో అమ్మాయిలా తెల్లచీర కట్టుకుని హడ్డో వార్ఫుకి వెళ్ళేది, దర్జీ గారికి నవలలు తెచ్చిపెట్టే వంకతో. నవలలే తెచ్చేది. రెండేళ్ళకి మావయ్య మళ్ళీ దిగాడు. అన్నం తింటూ, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ చెబుతూ, "ఆ కుర్రోడికీ అయిపోనాది. మీరెల్లిన మాగంలోనే. పక్కూరి గుంట, నోట్లోంచి మాట రాదు" అన్నాడు.

అప్ప కూర వడ్డిస్తోంది. గరిట ఆపకుండానే అడిగింది, "మేము ఓడెక్కిన గురువారం అతను ఎక్కడున్నాడు మావయ్యా?"

"ఏ గురువారం?" మావయ్యకి గుర్తు రావడానికి ఒక ముద్ద పట్టింది. "ఓ, ఆ వారమా! వారమంతా ఏటకే ఎల్లినాడు కదేటి. సేప తెగ పడినాది అప్పుడు. ఎవుడూ ఒడ్డున నేడు."

"అచ్ఛా" అంది అప్ప.

చాలాకాలం తరవాత ఆమె నోట వచ్చిన హిందీ మాట అది. వేయడానికి చిప్ప లేదు. అమ్మ ఎప్పుడో దాన్ని పొయ్యిలో పెట్టేసింది.

తరవాత నన్ను చూసుకోవడానికి మా దీవిలోనే ఉన్న చౌల్దారీ నుంచి వచ్చారు. వాళ్ళూ తెలుగువాళ్ళే. అందరం హిందీలోనే మాట్లాడుకున్నాం. నేను టీ పళ్ళెం పట్టుకుని తలొంచుకుని వెళ్ళాను. చీకటిపడకముందే ఖాయమైపోయింది. ఈ దీవుల్లో కాఫీ పిల్లలకే పెళ్ళిళ్ళవుతాయని ఏ నవలలోనూ రాయలేదు.

అప్పకి కాలేదు. సిప్పీఘాట్‌లో ఒక తోటలో మొక్కలకి అంటుకట్టే పనికి పోతుంది, మా ఇంట్లోనే ఉంటుంది. దర్జీ గారు పోయాక మిగిలిన నవలలు ఆయన కొడుకు మాకిచ్చేశాడు. సగం చెమ్మకి అట్టలు కట్టుకుపోయాయి. ఫోటో ఏ పుస్తకంలో ఉందో నేను వెతకలేదు.

నా కూతురికి పద్నాలుగేళ్ళు. తెలుగు వింటుంది, మాట్లాడుతుంది, చదవడం రాదు. వానలకి ఫోన్లో సిగ్నల్ పోయిన రోజుల్లో పెద్దమ్మ పక్కన చేరి నవల చదవమంటుంది. అప్ప ఒక పేజీ కళ్ళతో చదువుకుని, హిందీలో చెబుతుంది. మా పిల్లకి నవ్వులే నవ్వులు. మొన్న కూడా కథ చివరికొచ్చింది. స్టేషన్‌లో రైలు కూత వేసింది, అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది.

"ఫిర్? వో ఆయా, పెద్దమ్మా?"

"నై ఆయా."

"క్యూఁ?"

"మచ్ఛీ మార్నే గయా" అంది అప్ప. చేపల వేటకి పోయాడట.

నా కూతురు మంచం మీద పడి దొర్లింది. ఆ పుస్తకం నేను విన్నదే. అందులో అతను వస్తాడు, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తాడు. ఇదివరకు చెప్పిన కథల్లోనూ పుస్తకం ప్రకారం అందరూ వచ్చారు. చెప్పేటప్పుడు అప్ప ఒక్కణ్ణి కూడా రానివ్వలేదు. మా పిల్లకి చదివి సరిచూసుకోవడం రాదు. నేను కలగజేసుకోలేదు.

"హర్ బార్ మచ్ఛీ మార్నే? వచ్చేవాడు ఒక్కడూ లేడా?" అంది పిల్ల, నవ్వు ఆపుకుంటూ.

అప్ప కళ్ళజోడు తీసి, చదవడానికి ఇంకా వీలుగా ఉన్న నాలుగు పుస్తకాల వైపు చూసింది.

"సూద్దాం" అంది.