సగం పత్తా గోలీలు

కొత్తగూడ చుట్టుపక్కల మందుల షాపులో కూడా బేరమాడి నెగ్గిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. మూసాపేటలో కిరాణా కొట్ల మధ్య పెరిగిన ప్రాణం; అడిగిన ధర ఇచ్చేస్తే నాకు నిద్ర పట్టదు. గచ్చిబౌలి వైపు బండలు పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజులవి. మేస్త్రీలకు మేకులు, బైండింగు తీగ అమ్ముకుంటూ నేనూ, నా భార్యా, పిల్లలూ కొత్తగూడలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ట్యాంకరు నీళ్లకు ఇంట్లో ఎవరో ఒకరికి ఎప్పుడూ విరేచనాలే. డాక్టరు ఫీజు దండగని నేరుగా మందుల షాపుకే పోయేవాణ్ణి.

"పత్తా మొత్తం ఎందుకు? నాలుగు గోలీలు కత్తిరించియ్యి. ధర గూడ జర తగ్గించు."

"గోలీలకు గూడ బేరమా అన్నా? కోర్సు పూర్తిగ వాడాలె," అనేవాడు షాపతను.

"కడుపు ఆగినంక గోలి ఎందుకు, అలంకారానికా?"

రెండు గోలీలకే విరేచనాలు తగ్గేవి. మిగిలినవి బిస్కెట్ల డబ్బాలో వేసేవాణ్ణి. పత్తా నుంచి కత్తిరించిన ముక్కల మీద మందు పేరుండేది కాదు, రంగు చూసి గుర్తుపట్టడమే. ఇదే మన దవాఖాన అని నా భార్య ముందు డబ్బా ఆడించేవాణ్ణి.

ఒక వేసవిలో నా భార్యకు మూత్రంలో మంట మొదలైంది. డబ్బా తీశాను. ముందు పసుపువి, తగ్గకపోతే తెల్లవి. బండలు పేల్చినప్పుడల్లా మా రేకులూ మంచమూ అదిరేవి. ఆ మధ్యాహ్నం పేలుడు లేకుండానే మంచం అదిరింది. చలిజ్వరంతో తన పళ్లు టకటకమంటున్నాయి. ఇంకో గోలి ఇవ్వబోతే నడుము పట్టుకుని మూలిగింది.

"ఆ డబ్బ మూసెయ్యి. సావుతోని గూడ బేరమాడుతవా ఏంది?"

ఆటో అతను అడిగినంత ఇచ్చాను. దవాఖానలో డాక్టరమ్మ, కోస్తా మనిషి, మూత్రం పరీక్షకు పంపి సూదిమందు మొదలుపెట్టారు. మర్నాడూ జ్వరం దిగలేదు. నా భార్య నన్ను గుర్తుపట్టక, ఎవరో గిరాకీ అనుకుని మేకుల ధర చెప్పసాగింది.

పరీక్ష ఫలితం వచ్చాక డాక్టరమ్మ, "ఇంతకుముందు మాత్రలు సగంసగం వాడారాండి?" అని అడిగారు. డబ్బా సంగతి చెప్పేశాను.

"పేగుల్లో మనతో పాటు బతికే క్రిములేనండి ఇవి. అరకొర మందుకు బలహీనమైనవి చస్తాయి. తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెడతాయి, పక్క క్రిములకు కూడా ఆ విద్య అందిస్తాయి. అవే ఇప్పుడు మూత్రం దారిన కిడ్నీ దాకా వెళ్లాయి. మామూలు మందులేవీ పనిచేయట్లేదు. పెద్ద ఇంజెక్షన్ ఒకటుంది, అది మొదలుపెడదామండి."

ఎంతవుతుందని అడగబోయాను, అలవాటు చొప్పున. ఆ మాట మింగి, "అది గూడ పనిచెయ్యకపోతే?" అన్నాను.

ఆవిడ సెలైన్ వేగం సరిచేసి, నర్సును ఆ ఇంజెక్షన్ తెమ్మన్నారు.

కొత్త సూది పడిన రెండో పొద్దున నా భార్య కళ్లు తెరిచి, "దుకాణం ఎవలు సూస్తున్నరు?" అంది. మూసేశానంటే, "అయ్యో, గిరాకీ అంత పాయె!" అని తిట్టింది. గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఇక బిల్లు. మంచానికి, సెలైన్లకు, పరీక్షలకు, సూదులకు కలిపి నా మోపెడ్ అమ్మితే సరిపోయింది. అన్నేళ్లూ గోలీల మీద నేను మిగిల్చింది ఆ సూదుల్లో ఒక్కదానికీ రాదు. ఆ క్రిములు తన పేగుల్లో ఇంకా ఉండొచ్చట. ఒకే బిందె నీళ్లు కాబట్టి నా పేగుల్లో, పిల్లల పేగుల్లో కూడా. ఎన్నాళ్లుంటాయో చెప్పలేమన్నారు. ఆ పద్దు మాత్రం తీరలేదు. ఇంట్లో ఎవరి ఒళ్లు కాస్త వెచ్చబడినా మంచం కోడు మీద చెయ్యి వేసి చూస్తాను, అదురుతోందేమోనని.