నాన్న పేరున్న పిచర్‌కి నా ఓటు

మా బావ నా చేతికి చిక్కే రోజు కోసం ఆరేళ్లు కాచుకు కూర్చున్నాను. ఇక్కడ మలేషియాలో, ఇపో ఊళ్లో అక్కా వాళ్లింటికి వెళ్లి, ఆయన పక్కనే కూర్చుని తోసై, అదే దోసె, తింటూ నవ్వినప్పుడు కూడా కాచుకునే ఉన్నాను.

కంప్యూటర్‌లో ఆడే బేస్‌బాల్ లీగ్ మాది. బావతో కలిపి పదిమందిమి, తలా ఒక జట్టు. ఆటగాళ్లెవరూ నిజం మనుషులు కారు. కంప్యూటరే పుట్టిస్తుంది, ఆడిస్తుంది, ముసలివాళ్లను చేసి ఇంటికి పంపిస్తుంది. కొత్తగా వచ్చినవాడికి పేరు పెట్టే హక్కు మాత్రం మాది. బంతి విసిరే ఒక పిచర్‌కి నేను మా నాన్న పేరు పెట్టాను. సుంగై సిపుట్‌లో మా ఇంట్లో ఆయన అప్పటికే మంచం పట్టారు. ఆ పిచర్ ఆట చదివి వినిపిస్తే, "బాగానే ఆడతన్నాను గదా" అనేవారు.

నాన్న పోయారు. కర్మలు అయ్యేదాకా నా జట్టును చూసుకోమని బావకి పాస్‌వర్డ్ ఇచ్చాను. పన్నెండో రోజు తెరిచి చూస్తే నాన్న పేరు నా జట్టులో లేదు. బావ తన జట్టుకి మార్చేసుకుని, బదులుగా ముగ్గురు దద్దమ్మల్ని నాకు అంటగట్టాడు. అడిగితే, నీకు మనుషులు తక్కువున్నారు, నీ మంచికే చేశానన్నాడు. ఒళ్లు మండిపోయింది. అక్క ముఖం చూసి ఊరుకున్నాను. పైగా మామగారి పేరు పలకకూడదు కాబట్టి, మా గ్రూపులో వారం వారం "మావయ్య గెలిపించినారు లా" అని, చివర మా మలేషియా వాళ్ల 'లా' తగిలించి రాసేవాడు. నాకు పుండు మీద కారం చల్లినట్టుండేది.

మొన్న ఆ పిచర్ రిటైరయ్యాడు. మేటి ఆటగాళ్ల పేర్లు ఫలకాల మీద నిలిచిపోయే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాలంటే, అతని జట్టు యజమానిని తీసేస్తే మిగిలిన తొమ్మిదిమందిలో ఏడుగురు ఒప్పుకోవాలి. ఆదివారం పొద్దున్నే అతని రికార్డంతా ముందేసుకున్నాను. లోపం కోసం వెతికాను, దొరకలేదు. గెలుపులు బావ దగ్గర ఎక్కువే గాని, పరుగులివ్వకుండా నిలబడ్డ సీజన్లన్నీ నా దగ్గరివే. అర్హుడే. అయినా బావ జట్టు పేరు కింద నాన్న పేరు ఎప్పటికీ ఉండిపోవడం నేను చూడలేను. 'అర్హుడు కాడు' అని రాశాను. హాయిగా అనిపించింది.

ఆరే ఓట్లొచ్చాయి, ఒక్కటి తక్కువ. ఎవరెటు వేశారో అందరికీ కనిపిస్తుంది. ఫలకం మీద ఏ జట్టు పేరుండాలో యజమాని ముందే రాసిచ్చిన చీటీని కూడా ఫలితంతో పాటే బయటపెట్టడం మా పద్ధతి. బావ చీటీలో నా జట్టు పేరుంది.

సాయంత్రం ఫోన్ చేశాడు.

"మావయ్యకి నువ్వే ఓటెయ్యనేదేటి?"

"ఆ రోజు నన్నడిగి తీసుకునుంటే ఏసేవోణ్ణి."

ఫోన్ పెట్టేశాడు.

ఎంపిక కానివాళ్ల పేజీలో నాన్న పేరు, దాని కింద కాదన్నవాళ్లలో నా పేరు ఉన్నాయి. మళ్లీ ఓటుకి పెట్టాలంటే యజమానే అడగాలి. బావ అడగలేదు. అడగమని నేనూ అనలేదు.